తెర చెప్పే సాక్ష్యం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, తుగ్గలి మండలంలో, జొన్నగిరి అనే గ్రామం ఉన్నది. తొలకరి వానకు పైమన్ను కొట్టుకొనిపోయి, అడుగున దాగిన రాళ్లు బయటపడగానే, ఆ చుట్టుపట్ల చేలలో జనం వంగి నడవడం మొదలవుతుంది. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతాలలో ఏటా సాగే ఈ వజ్రాల వేట సంగతి శ్రోతలకు తెలిసినదే. అశోకుని శాసనాలలో పేర్కొన్న సువర్ణగిరి ఈ జొన్నగిరియే అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆ చర్చ నేటి ప్రసంగానికి విషయం కాదు. ఆ ఊరిలో నేను విన్న ఒక ప్రశ్నయే నేటి విషయం.

ఒక వానకాలంలో, వజ్రాలు వెదికేవారి మాటలను ధ్వనిముద్రణ చేసుకొనడానికి నేను అక్కడికి వెళ్ళాను. సాయంకాలం వాన పట్టుకొన్నది. ఒక రైతు తన ఇంట తలదాచుకొమ్మని పిలిచాడు. చేనులో దొరికిన రాయి ఒకటి ఆయన దగ్గర ఉన్నది. చేతిఫోనుతో తీసిన దాని ఛాయాచిత్రాన్ని ఒక వర్తకునికి పంపించారు. ఆయన ఆ చిత్రాన్ని చూచి, రాయిలో పసుపు జీర ఉన్నదని, అందుచేత ధర తగ్గుతుందని తిరిగి కబురు చేశాడు. ఇంజనీరింగు చదువుతున్న ఆ రైతు కుమార్తె అదే చిత్రాన్ని తన కంప్యూటర్ తెరమీద పెద్దదిగా చేసి చూపించింది. చూడగా నిజమే, పసుపు కనిపించింది. "అవును నాయనా, పసుపుగానే ఉండాది" అన్నది ఆ అమ్మాయి. తండ్రి కొంచెంసేపు చూచి, "ఏం పాపా, రాయి పసుపుగా ఉండాదా, నీ తెర పసుపుగా ఉండాదా?" అని అడిగాడు.

ఇంతకంటె మంచి ప్రశ్న ఒక శాస్త్రజ్ఞుడు కూడ వేయలేడు. ఈ కాలంలో మనం లోకాన్ని చాలావరకు తెరల ద్వారానే చూస్తున్నాము. ఆ తెర చెప్పే సాక్ష్యంలో రాయికి సంబంధించినది ఎంత, తెరకు సంబంధించినది ఎంత అని విడదీయడం ఎట్లాగో నేడు ముచ్చటిద్దాము. ఆ అమ్మాయి కంప్యూటర్లో ఉన్నది లినక్స్ అనే వ్యవస్థ గనుక, దానిలో ఈ సరిచూపులు ఎట్లా చేసుకోవాలో కూడ చెబుతాను.

తెరకు ముఖ్యంగా రెండు గుణాలు ఉన్నవి. ఎన్ని రంగుల ఛాయలను వేరువేరుగా చూపగలదన్నది ఒకటి. దీనిని రంగుల లోతు అంటారు. క్షణానికి ఎన్నిమార్లు తన బొమ్మను తిరిగి వ్రాసుకొంటుందన్నది రెండవది. దీనిని రిఫ్రెష్ రేటు అంటారు. మొదటిది తెర చూపు, రెండవది తెర నడక అనుకొందాము.

తెర బొమ్మను వ్రాసే తీరు గ్రంథం వ్రాసే తీరువంటిదే. పై వరుసతో ఆరంభించి ఒక్కొక్క వరుసగా క్రిందికి దిగుతుంది. జొన్నగిరికి చేరువలోనే ఎర్రగుడి వద్ద క్రీస్తుపూర్వం 3వ శతాబ్ది నాటి అశోకుని శిలాశాసనాలు ఉన్నవి. వాటిలోని చిన్న శాసనంలో ఒక వింత ఉన్నది. కొన్ని పంక్తులను ఎడమనుండి కుడికి, కొన్నింటిని కుడినుండి ఎడమకు చెక్కారు. దున్నే ఎద్దులు చాలు చివర మళ్లినట్లు చేయి మళ్లింది. తెరకు అటువంటి స్వేచ్ఛ లేదు. ఎల్లప్పుడు ఒకే క్రమం, పైనుండి క్రిందికి. సాధారణమైన తెర ఈ పనిని సెకనుకు 60 సార్లు చేస్తుంది. అనగా ఒక్కొక్క బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి.

ఇక రంగుల మాట. తెరమీద ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగుల కలయిక. ఒక్కొక్క వెలుగుకు ఎన్ని మెట్లు ఉన్నవన్నదే రంగుల లోతు. 8 బిట్ల తెరలో వెలుగుకు 256 మెట్లు. మూడింటిని హెచ్చవేస్తే 1,67,77,216 రంగులు. 10 బిట్ల తెరలో వెలుగుకు 1024 మెట్లు, మొత్తం 107 కోట్లకు పైగా రంగులు. చౌక తెరలు కొన్నింటిలో నిజానికి ఉండేవి 6 బిట్లే. అంటే వెలుగుకు 64 మెట్లే. చుక్కలను అతివేగంగా రెండు ఛాయల మధ్య ఊపి, నడిమి ఛాయ ఉన్నదన్న భ్రమను అవి కలిగిస్తవి.

ఈ మెట్లు తగ్గితే ఏమవుతుంది? ఎమ్మిగనూరు నేతగాండ్లకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. 1938లో నేతపనివారి సహకార సంఘం వెలసిన ఊరది. చీర అంచు ముదురు ఎరుపునుండి లేత ఎరుపుకు మెల్లగా జారాలంటే, నడుమ పలు ఛాయలలో అద్దకం వేసిన నూలు కావలె. నాలుగు ఛాయల నూలే చేతిలో ఉంటే అంచుమీద నాలుగు పట్టీలు పడతవి. తెర సంగతీ అంతే. సంధ్యాకాశపు చిత్రంలో రంగు జారవలసిన చోట పట్టీలు పట్టీలుగా కనిపించిందంటే, ఎక్కడనో మెట్లు చాలలేదని అర్థం.

ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న. బొమ్మ మన కంటికి చేరేలోపల చాలా చేతులు మారుతుంది. చిత్రపు ఫైలు, దానిని తెరిచే కార్యక్రమం, తెరమీది కిటికీలను అమర్చే వ్యవస్థ, గ్రాఫిక్స్ కార్డు, కేబులు, చివరకు తెర పలక. తుంగభద్ర దిగువ కాలువకింద సేద్యం చేసే ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు ఈ న్యాయం అనుభవంలో ఉన్నదే. పైన ఎంత నీరు వదలినా, నడుమ ఒక తూము ఇరుకైతే కాలువ చివరి చేనుకు అందేది ఆ తూము వదలినంతే. ఫోను తీసే మామూలు ఛాయాచిత్రంలో ఉండేవి 8 బిట్లే. దానిని 10 బిట్ల తెరమీద చూచినంతమాత్రాన, చిత్రంలో లేని ఛాయలు కొత్తగా పుట్టవు.

కేబులు ఎంత ఇరుకో లెక్కవేసి చూడవచ్చును. 4కే అని పిలిచే తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400 చుక్కలు ఉన్నవి. చుక్కకు 24 బిట్ల వంతున, సెకనుకు 60 మార్లు పంపాలంటే సుమారు 1194 కోట్ల బిట్లు ప్రవహించాలి. లోతును 10 బిట్లకు పెంచితే చుక్కకు 30 బిట్లు, సెకనుకు 1493 కోట్ల బిట్లు. హెచ్‌డీఎంఐ 2.0 మార్గంలో బొమ్మకు మిగిలే చోటు 1440 కోట్ల బిట్లే. కావున మూడు వెలుగులను పూర్తిగా పంపుతూ ఈ లోతు అందులో పట్టదు. డిస్‌ప్లేపోర్టు 1.2 మార్గంలో 1728 కోట్ల బిట్లకు చోటున్నది గనుక పడుతుంది. లోతు, పరిమాణం, వేగం ఈ మూడూ ఒకే కాలువ నీటిని పంచుకొనే మూడు చేలు. ఒకదానికి పెంచితే మరొకదానికి తగ్గించక తప్పదు. కొత్త తెర కొని, పాత కేబులుతోనే నడిపి, తెర బాగులేదని నిందించేవారు ఈ లెక్కను ఒక్కమారు చూచుకొనవలె.

ఇప్పుడు తెర నడకను గురించి. ఫిల్ము కాలపు టూరింగ్ టాకీసులో సెకనుకు 24 బొమ్మలు నడిచేవి. కాంతి మిణుకుమిణుకుమనకుండా ఒక్కొక్క బొమ్మను కనీసం రెండుమార్లు వెలిగించేవారు. బొమ్మల వేగం వేరు, వెలుగు వేగం వేరు అని దీనివల్ల తెలుస్తున్నది. కంప్యూటర్లోనూ అంతే. బొమ్మను తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డు, దానిని చూపేది తెర. కార్డుకు ఒక బొమ్మ తేలిక, మరొకటి కష్టం. ఒకటి 12 మిల్లీసెకన్లలో పూర్తి అయితే మరొకటి 18 పట్టవచ్చును. తెరమాత్రం గడియారం పట్టుకొని 16.7కు ఒకమారు బయలుదేరుతుంది.

ఇది పత్తికొండ బస్సువంటిది. ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చినవాడు తరువాతి బస్సుదాకా నిలువవలసినదే. 18 మిల్లీసెకన్లు పట్టిన బొమ్మ 33.3వ మిల్లీసెకనుదాకా ఆగుతుంది. అప్పుడు బొమ్మ తడబడి నడిచినట్లు కంటికి తోస్తుంది. ఆగడం ఇష్టంలేక నడుస్తున్న బస్సు ఎక్కబోతే మరొక ప్రమాదం. తెర సగం వ్రాసేసరికి కొత్తబొమ్మ వచ్చిపడుతుంది. పైసగం పాతది, క్రిందిసగం కొత్తది. నడుమ చినిగినట్లు ఒక గీత.

దీనికి విరుగుడు షేరు ఆటో పద్ధతి. గడియారం చూడదు. ఎక్కవలసినవారు ఎక్కగానే బయలుదేరుతుంది. తెర కూడ అట్లాగే బొమ్మ సిద్ధమయ్యేదాకా కాచుకొని, సిద్ధంకాగానే వ్రాయడం మొదలుపెడితే తడబాటు లేదు, చినుగూ లేదు. రెండు బొమ్మల నడుమ ఉండే విరామాన్ని సాగదీయడమే ఇందులోని కిటుకు. దీనిని మారే రిఫ్రెష్ రేటు అంటారు. ఎన్‌విడియా సంస్థ 2013లో జీ-సింక్ అనే పేరుతో దీనిని ప్రకటించింది. 2014లో వీసా అనే ప్రమాణాల సంఘం అడాప్టివ్ సింక్ పేరుతో డిస్‌ప్లేపోర్టు ప్రమాణంలో చేర్చింది. దాని ఆధారంగా ఏఎండీ సంస్థ ఫ్రీసింక్ తెచ్చింది. 2017లో వెలువడిన హెచ్‌డీఎంఐ 2.1లోనూ ఈ సదుపాయానికి స్థానం లభించింది.

ఆటో కూడ ఎంతసేపైనా నిలువదు గదా! ప్రతి తెరకు ఒక హద్దు ఉన్నది. 48నుండి 75వరకు, 48నుండి 144వరకు, ఇట్లా పెట్టెమీదనో పుస్తకంలోనో వ్రాసి ఉంటుంది. బొమ్మల వేగం 48కి దిగువకు జారినప్పుడు, పై హద్దు రెండింతలకు మించి ఉన్న తెరలలో ఒకే బొమ్మను రెండుమార్లు చూపి సర్దుకొనవచ్చును. 75తో ఆగిపోయే తెరలో ఆ వెసులుబాటు ఉండదు. కొన్ని తెరలలో వేగం మారినప్పుడల్లా వెలుతురు అదరడం కూడ కద్దు. అది కంటికి బాధగా ఉంటే ఈ సదుపాయాన్ని ఆపివేయడమే మేలు.

ఇక లినక్స్. 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీనికి అంకురార్పణ చేశాడు. లోపలి రచన అందరూ చదివి దిద్దుకొనడానికి వీలైనది. ధర చెల్లించనక్కరలేనిది. పాత యంత్రాలలో కూడ నడిచేది. ఈ కారణాలచేత పల్లె విద్యార్థులకు అనుకూలమైనది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పలికే లినక్స్‌ను కూడ రూపొందించారు. మారే రిఫ్రెష్ రేటు విషయంలో ఏఎండీ కార్డులకు లినక్స్ మూలంలోనే చోటు దొరికినది 2019 మార్చిలో వెలువడిన 5.0 సంచికతో.

లినక్స్‌లో తెరను నడిపే పద్ధతులు రెండు. ఒకటి 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ విద్యాసంస్థలో పుట్టిన ఎక్స్. రెండవది 2008లో ఆరంభమైన వేలాండ్. మన యంత్రంలో ఏది నడుస్తున్నదో ముందు తెలుసుకోవలె. సెట్టింగులలో యంత్ర వివరాల పుటలో అది కనిపిస్తుంది.

వేలాండ్ అయితే పని సులువు. కేడీఈ ప్లాస్మా వాడేవారికి 2021లో వచ్చిన 5.22 సంచికనుండి తెరల సెట్టింగులలోనే అడాప్టివ్ సింక్ అన్న మాట కనిపిస్తుంది. ఎన్నడూ వద్దు, అవసరమైనప్పుడు, ఎల్లప్పుడు అని మూడు ఎంపికలు. నడిమిదానితో మొదలుపెట్టడం మంచిది. గ్నోమ్ వాడేవారికి 2024 మార్చిలో వచ్చిన 46వ సంచికలో ఇది ప్రయోగాత్మకంగా చేరింది. ఆ సంచికలో దానిని ముందు మేలుకొలిపితేనే సెట్టింగులలో కనిపిస్తుంది.

ఎక్స్ అయితే కొంచెం చేతిపని ఉన్నది. ఎక్స్‌ర్యాండర్ అనే ఆదేశంతో తెర గుణాలను అడిగితే, వీఆర్ఆర్ కేపబుల్ అన్న పంక్తి ఎదుట 1 గాని 0 గాని చూపుతుంది. 1 ఉంటే తెర సిద్ధమే. అప్పుడు ఎక్స్ అమరికల ఫైలులో, డివైస్ అనే విభాగంలో, వేరియబుల్ రిఫ్రెష్ అన్న అంశానికి ట్రూ అని వ్రాయవలె. ఎక్స్ పద్ధతిలో ఇది తెరనిండా పరచుకొన్న కార్యక్రమాలకే వర్తిస్తుంది. రెండు తెరలు తగిలించుకొన్నవారికి తరచు పనిచేయదు. అన్ని తెరలను కలిపి ఒకే పెద్ద పలకగా భావించడం ఎక్స్ స్వభావం గనుక.

రంగుల లోతుకు రెండు చోట్లు చూడవలె. మాక్స్ బీపీసీ అనే గుణం కేబులులో వెలుగుకు ఎన్ని బిట్లు పంపవచ్చునో నిర్ణయిస్తుంది. అది 8 వద్ద ఉంటే 10కి పెంచవచ్చును. ఎక్స్ ఫైలులో డిఫాల్ట్ డెప్త్ అన్నది మామూలుగా 24, అనగా మూడు ఎనిమిదులు. దానిని 30 చేస్తే మూడు పదులు అవుతుంది. అయితే 30 పెట్టినప్పుడు కొన్ని పాత కార్యక్రమాలు రంగులు తప్పి చూపవచ్చును, అసలు తెరుచుకొనకనూ పోవచ్చును. ఛాయాచిత్రాలు దిద్దే వృత్తి లేనివారికి 24 చాలును.

ఒక హెచ్చరిక. ఏ ఫైలును మార్చినా ముందు దాని నకలు తీసి ఉంచుకొనవలె. మార్పు వికటించి తెర నల్లబడితే బెదరనక్కరలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ 3 మీటలను ఒక్కమారే నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ కొత్త ఫైలును తొలగించి, యంత్రాన్ని మళ్ళీ నడపవచ్చును. మరొకటి: ఫైళ్ళ జోలికి పోకముందే తెర అంచున ఉండే మీటలతో తెర సొంత పట్టికను తెరిచి చూడవలె. చాలా తెరలలో ఫ్రీసింక్ ఆపివేసియే ఉంటుంది. అక్కడ వెలిగించనిదే లినక్స్ ఎంత పిలిచినా పలుకదు.

ఈ మార్గంలో ఒక అడ్డంకిని కూడ చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో, హెచ్‌డీఎంఐ 2.1ను తమ బహిరంగ రచనలో చేర్చడానికి ఏఎండీవారు చేసిన ప్రతిపాదనను హెచ్‌డీఎంఐ ఫోరం అంగీకరించలేదని తెలిసింది. డబ్బుపెట్టి కొన్న తెర, డబ్బుపెట్టి కొన్న కార్డు రెండింటికీ శక్తి ఉన్నది. ఆ రెండింటినీ కలిపే భాషను అందరూ చదివేటట్లు వ్రాయడానికే అప్పుడు అనుమతి దొరకలేదు. అందుచేత లినక్స్ వాడదలచినవారు తెర కొనేటప్పుడు డిస్‌ప్లేపోర్టు ఉన్నదీ లేనిదీ చూచుకొనడం వివేకం.

మళ్ళీ జొన్నగిరికి వద్దాము. ఆ రాత్రి మేము ముగ్గురం తెరముందు కూర్చొన్నాము. అది ఏదో కార్యాలయం వదిలించుకొన్న పాత యంత్రం. తెరమాత్రం 75 వరకు నడిచే ఫ్రీసింక్ తెర. పాఠాల వీడియోలు చినిగినట్లు కనిపిస్తున్నవని ఆ అమ్మాయి ఒక దుకాణంలో చెప్పగా, కార్డు మార్చవలసినదే అన్నారట. వెనుకకు తిప్పి చూస్తే తెరను తగిలించినది నీలపు మూతి ఉన్న వీజీఏ కేబులు. పాతకాలపు ఆ మార్గంలో మారే రిఫ్రెష్ రేటు పోదు. యంత్రానికి, తెరకు రెండింటికీ డిస్‌ప్లేపోర్టు ఉన్నది. దాని కేబులుమాత్రం పెట్టెలోనే చుట్ట విప్పకుండా ఉన్నది. అది తగిలించి, తెర పట్టికలో ఫ్రీసింక్ వెలిగించి, సెట్టింగులలో ఎంపిక మార్చాము. చినుగు పోయింది. కార్డు కొనవలసిన ఖర్చు తప్పింది.

పసుపు సంగతో? సెట్టింగులలో నైట్ లైట్ అనేది వెలిగి ఉన్నది. రాత్రివేళ కంటికి హాయిగా ఉండటానికి నీలాన్ని తగ్గించి, తెరను పసుపుకు త్రిప్పే ఏర్పాటు అది. ఆపివేయగానే తెరమీది తెల్లకాగితం తెల్లబడింది. రాయి బొమ్మలోని పసుపు కూడ చాలావరకు పోయింది. చాలావరకే, పూర్తిగా కాదు. మిగిలిన పసుపు రాయిదా, ఫోను తీసినప్పుడు ఇంట్లో వెలుగుతున్న దీపానిదా? తెరను ఎంత సరిచేసినా అది చెప్పలేదు.

ఆ మాటే ఆ రైతుతో అన్నాను. వజ్రపు రంగును డీ మొదలు జెడ్ వరకు అక్షరాలతో శ్రేణులుగా నిర్ణయించే నిపుణులు, నిర్ణీతమైన వెలుతురులో, రంగు తెలిసిన మచ్చురాళ్ళ ప్రక్కన పెట్టి, కంటితో పోల్చి చెబుతారు. ఛాయాచిత్రాన్ని చూచి కాదు. వర్తకుడు చూచినది తన తెరను. మీరు చూచినది మీ తెరను. రాయిని ఇంకా ఎవరూ చూడలేదు అన్నాను. ఆయన నవ్వి, రాయిని గుడ్డలో చుట్టి, "అట్లయితే ధర మాట తెల్లారినాక చూద్దాం పాపా" అన్నాడు.

శ్రోతలారా! తెరను సరిచేసుకొనడం ఎందుకంటే, అది అబద్ధం చెప్పకుండా ఉండటానికి. సరిచేసుకొన్న తరువాత కూడ అది ఒక సాక్షియే కాని న్యాయాధిపతి కాదు. నూలు కొనేవారికీ, రాళ్ళు అమ్మేవారికీ, ఫోనులో బొమ్మ చూచి పెండ్లిచీర ఎంచుకొనేవారికీ ఇది వర్తిస్తుంది. కేబులు చూచుకొనండి, రాత్రివెలుగు ఆపి చూడండి. పెద్ద బేరమైతే వస్తువును పగటి వెలుతురులోకి తెచ్చి మీ కంటితో చూడండి. సెలవు.